చక్రాల నట్లు అంత బిగిస్తే ఎలా?

అయ్యా,

మొన్న నాగోలు దగ్గర ఒకాయన ముందు టైరు పంచరై, కారును జాకీ మీద లేపి, నట్టు రాక చెమటలు కక్కుతున్నారు. చక్రం గాల్లో తిరిగిపోతుంటే నట్టు ఎలా వదులుతుంది? కారు దింపించి, హ్యాండ్ బ్రేక్ వేయించి, స్పానర్‌కు నా దగ్గరున్న ఇనుప పైపు తొడిగి ఎడమవైపుకు నొక్కితే కిర్రుమని కదిలింది.

ఆయన్ని అని లాభం లేదు. చాలా టైర్ల షాపుల్లో కుర్రాళ్లు గాలి గన్ను పెట్టి టర్రుమని చివరిదాకా బిగించేస్తారు. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, కచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. అతిగా బిగిస్తే నట్టు ఎక్కే బోల్టు, అంటే స్టడ్డు, దాని మరలు పాడవుతాయి, ఒక్కోసారి స్టడ్డే విరుగుతుంది. కారుతో ఇచ్చే ఆ మూరెడు కూడా లేని స్పానర్‌తో, రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద, పెద్దవయసువాళ్లు ఏం చేయగలరు?

చివరి బిగింపు, ఎంత బిగిసిందో కొలిచి చెప్పే టార్క్ రెంచ్‌తోనే వేయాలని రవాణా శాఖ షాపులకు గట్టిగా చెప్పాలి. అందాకా, టైరు వేయించిన చోటే మీ స్పానర్‌తో ఒక నట్టు వదులు చేసి చూడండి. రాకపోతే అక్కడే అడగండి, మొహమాటపడకండి.

- బస్సు డిపో రిటైర్డ్ మెకానిక్, ఉప్పల్, హైదరాబాద్