తీపి వైన్‌ను మిఠాయి దగ్గర పెట్టకండి

సంపాదకులకు,

హైదరాబాద్ రెస్టారెంట్లలో లేట్ హార్వెస్ట్ (ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తీపి) వైట్ వైన్ ఉన్నచోట కూడా దాన్ని మెనూ చివర, డబుల్ కా మీఠా పక్కన వేస్తున్నారు. ఆ వైన్ చోటు కబాబ్‌ల దగ్గర, బిర్యానీ దగ్గర.

కోతకాలం దాటాక ద్రాక్షను ఇంకొన్ని వారాలు తీగ మీదే ఉంచితే పండులో నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది. పులిసేటప్పుడు అదంతా ఆల్కహాల్‌గా మారదు, కొంత మిగులుతుంది. ఆ తీపి మిరప మంటను తగ్గిస్తే, ఆల్కహాల్ దాన్ని పెంచుతుంది. కాబట్టి కొనేముందు లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడాలి. రీస్లింగ్ ద్రాక్షతో చేసే జర్మన్ లేట్ హార్వెస్ట్ వైన్ ‘ష్పేట్‌లేజె’లో అది 8, 9 శాతం ఉంటే తీపి బాగా మిగిలినట్టే; పక్కన ‘ట్రోకెన్’ అని ఉంటే అది తీపి లేని రకం. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో గెవుర్జ్‌ట్రామినర్ అనే ద్రాక్షతో చేసే వైన్‌లో ఆల్కహాల్ తరచూ 13 శాతం దాటుతుంది. దాని గులాబీ, లిచీ వాసనలు యాలకులు, కుంకుమపువ్వు, వేయించిన ఉల్లి ఉన్న బిర్యానీతో చక్కగా కలుస్తాయి. కానీ దాని ఆల్కహాల్ ఘాటుకు ఎండుమిర్చి వేపుడు తోడైతే నోరు మండిపోతుంది.

కారం కంటే చిక్కు తెచ్చేది పులుపు. వంటలో పులుపు వైన్‌లో ఉన్నదాన్ని మించితే వైన్ చప్పగా, పాకంలా తోస్తుంది. గెవుర్జ్‌ట్రామినర్‌లో పులుపు సహజంగానే తక్కువ, అందుకే చింతపండు పడిన మిర్చీ కా సాలన్ ముందు నిలవలేదు. అక్కడ రీస్లింగ్ గానీ, నాసిక్‌లో సూలా కంపెనీ చెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే లేట్ హార్వెస్ట్ గానీ మేలు. గోంగూర మాంసం, ఆవకాయ దగ్గర ఏదీ వద్దు. హలీమ్‌లో నిమ్మరసం సగానికి తగ్గించండి. అన్నిటికంటే బాగా కుదిరేవి షికంపురి కబాబ్, మలై చికెన్, కరివేపాకు వేసిన రొయ్యల వేపుడు, ఉప్పు జీడిపప్పు. ఉప్పు, నూనె ఉన్నచోట ఈ తీపి వెగటు కొట్టదు.

ఇక మిఠాయి. తినేది తాగేదాని కంటే తియ్యగా ఉంటే వైన్ పుల్లగా, పలచగా అయిపోతుంది. గులాబ్ జామూన్ పాకం ముందు ఏ లేట్ హార్వెస్టూ ఆగదు. ఖుబానీ కా మీఠా ఒక్కటే కుదురుతుంది, అదీ ఇంట్లో చేస్తే: పావుకిలో ఎండు ఖుబానీలకు రెండు చెంచాలకు మించి చక్కెర వేయకుండా, పైన తియ్యని కస్టర్డ్ బదులు చక్కెర లేని మీగడ వేయాలి.

చాలాచోట్ల అసలు తప్పు జరిగేది వడ్డనలో. ఈ వైన్ 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉండాలి. వెచ్చబడితే తీపి, ఆల్కహాల్ ముందుకొచ్చి సువాసన వెనకపడుతుంది. గ్లాసులో ఐసు వేస్తే పలచబడి పాడవుతుంది. సగం ఐసు, సగం నీళ్లున్న బకెట్‌లో సీసాను మెడదాకా ముంచాలి. ఒట్టి ఐసుగడ్డల మధ్య గాలి ఉండి చల్లదనం త్వరగా ఎక్కదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే పది నిమిషాలు ఆగి పోయాలి. మన మే నెలలో నిండు గ్లాసు ఇట్టే వేడెక్కుతుంది కనుక ఒక్కోసారి 60 మిల్లీలీటర్లే చాలు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. సీసా వృథా అవుతుందన్న భయం లేకుండా రెస్టారెంట్లు దీన్ని 60 మిల్లీలీటర్ల కొలతతో అమ్మవచ్చు. ఈ వైన్ పేరును మెనూలో కబాబ్‌ల కిందే అచ్చువేయాలని వారికి మా విన్నపం.

– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్