పెయింటు వేసే ముందు గోడని ఒకసారి తట్టి చూడమనండి: తమిళనాడు గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

తమిళంలో రాసిన కాపీ విడిగా మీ ఆఫీసుకి పంపాను, మా అమ్మాయి దిద్దింది కాబట్టి తప్పులుండవు. ఇది తెలుగులో ఎందుకంటే, చెన్నైలో మా తెలుగువాళ్ల ఇళ్లూ తక్కువేం కాదు, వాళ్ల గోడల మీదా మా గోడల మీదున్న ఈ కావి రంగు మరకలే ఉన్నాయి.

మాది తిరువాన్మియూరు. సముద్రానికి నడిచి వెళ్లొచ్చు. పన్నెండు ఫ్లాట్ల బిల్డింగు, కట్టి ఇరవై రెండేళ్లయింది. బయటి గోడల మీద కావి రంగు చారలు మొదలై ఆరేళ్లు. రెండుసార్లు పెయింటు వేయించాం. రెండోసారి వచ్చిన కాంట్రాక్టరు "వాటర్‌ప్రూఫ్ సార్, పదేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు, రెండు వానాకాలాలు తిరిగేసరికి మరకలు ఎక్కడివక్కడే తేలాయి. ఒళ్లు మండి నేనే గోడ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. రిటైరైనవాణ్ణి, వేరే పనేముంది.

చూడగా తేలిందేంటంటే, రోడ్డు మీంచి ఒకేలా కనపడే మరకలు ఒక్క జాతివి కావు. కింద మోకాలెత్తు దాకా ఉన్నది బోరు నీళ్ల పని. మొక్కలకి ట్యూబుతో కొట్టే నీళ్లు గోడ మీదా చిమ్ముతాయి కదా. బోరులోంచి వచ్చేటప్పుడు ఆ నీళ్లు తేటగానే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అందులో కరిగిన ఇనుము గాలి తగిలాకే తుప్పు రంగుకి తిరుగుతుంది. తెల్ల బకెట్టులో పట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి అడుగున ఎర్రమడ్డి. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఇనుము మరకలు పెడుతుంది. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు కింద నిలువుగా దిగిన చార కూడా ఈ కోవదే. కిటికీ మూలల్లోవి గ్రిల్ తుప్పువి, గీకి రెడాక్సైడ్ కొడితే సరిపోయింది. ఉత్తరం గోడ మీద నారింజ రంగులో నూగులా ఉన్నదాని దగ్గర మాత్రం నేను బాగా బోల్తాపడ్డాను, అది తుప్పే కాదు, ఒక రకం నాచు. బ్లీచింగ్ నీళ్లకి వెలిసిపోయింది. (తుప్పు మరక బ్లీచింగ్‌కి లొంగదు, దానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి. రెండూ కలిపి కొట్టారో, విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.)

ఇవన్నీ చూపుకి బాగోకపోవడం తప్ప ఇంకేం చెయ్యవు. భయపడాల్సినవి మూడో అంతస్తు సన్‌షేడ్ల అడుగున, బాల్కనీ అంచున ఉన్నవి. లోపలి ఊచ ఎటు పోతే అటే గీత గీసినట్టు మరక, దాని వెంబడే వెంట్రుకంత పగులు. సుత్తి పిడితో తట్టాను. మిగతా చోట్ల గట్టిగా పలికింది, ఇక్కడ ఎండిన సొరబుర్రలా మోగింది. మేస్త్రి ఒక్క దెబ్బ వేస్తే అరచేతంత పెచ్చు ఊడిపడింది, లోపల ఊచ పొరలు పొరలుగా లేచి ఉంది. ఊచ పైనున్న కవర్, అంటే దాన్ని కప్పి ఉంచే కాంక్రీటు మందం, స్కేలుతో కొలిస్తే 12 మిల్లీమీటర్లు! తీరప్రాంతపు గాలికి ఉండే కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణం) అడిగేది 45. ఉప్పు లోపలికి దిగిందంటే ఊచకి కాంక్రీటు ఇచ్చే రక్షణ పోతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి, పగుల్లోంచి మళ్లీ ఉప్పుగాలి, తేమ. దాని మీద మేం రెండుసార్లు పెయింటు వేశాం, జ్వరమొచ్చినవాడికి పౌడరు రాసినట్టు.

2021 డిసెంబరు 27న ఉత్తర చెన్నై తిరువొత్తియూరులో 24 ఇళ్ల బ్లాకు కూలింది మీకు తెలిసిందే. అక్కడి కారణం ఇదేనని నేననడం లేదు. పగుళ్లు చూసి ముందే బయటికి వచ్చేశారు కాబట్టి జనం బతికారు, అది గుర్తుచేస్తున్నాను అంతే.

నేనడిగేది కొత్త పథకం కాదండీ. మీ శాఖ ఇళ్లకి పెయింటింగ్ ఎస్టిమేట్ వేసే కాగితంలో 'మరకకి కారణం' అని ఒక గడి పెట్టించండి. ఇంజనీరు తట్టి చూసి, గోడ పగలగొట్టకుండానే ఊచ ఎంత లోతున ఉందో చెప్పే కవర్ మీటర్‌తో కొలిచి, అనుమానమున్న చోట కాంక్రీటు కొంచెం చెక్కి ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి ఆ గడి నింపాలి. గులాబీ రంగొస్తే ఊచని తుప్పు నుంచి కాపాడే క్షారం కాంక్రీటులో ఉన్నట్టు, రాకపోతే పోయినట్టు. ఉప్పు సంగతి దీంతో తెలియదు, దానికి కాంక్రీటు పొడి ల్యాబుకి పంపాల్సిందే. గడి ఖాళీగా ఉంటే బిల్లు పాసవకూడదు. మాలాంటి ప్రైవేటు బిల్డింగులకి కూడా ఫీజు కట్టించుకుని ఈ పరీక్షలు చేయించే ఏర్పాటు ఏదైనా ఉంటే, ఎవరి మాట నమ్మాలో తెలియక కాంట్రాక్టర్ల చుట్టూ తిరిగే టెన్షన్ మాకు తప్పుతుంది.

అక్టోబరులో ఈశాన్య వానలు పట్టుకుంటే ఈ పనులేవీ సాగవు. మా పక్క బిల్డింగుకి నిన్ననే పరంజా కట్టారు, ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు కూడా దించేశారు. సుత్తి పట్టుకున్న మనిషి మాత్రం ఇంతవరకు కనపడలేదు.

ఇట్లు,
తిరువాన్మియూరు నుంచి ఒక ఫ్లాటు యజమాని