మీ రిపోర్టులు ఉండే కంప్యూటర్ గురించి

మన ల్యాబ్‌కి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. వారం నుంచి రిపోర్టులు ఆలస్యమవుతున్నాయి, కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబర్ అడిగి విసిగిస్తోందని కొందరు కోప్పడ్డారు. కారణం చెప్తాను.

పోయిన నెల సాఫ్ట్‌వేర్ సర్వీసుకి వచ్చిన కుర్రాడు "చెక్ చేయాలి మేడం" అంటూ మన డేటాబేస్ ఫైల్‌ని తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని నా కళ్లముందే తెరిచాడు. పాస్‌వర్డే అడగలేదు! పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి షుగర్ ఎంత, ఎవరికి ఏ పరీక్ష చేశాం, అన్నీ వరసగా కనిపించాయి. అతని ల్యాప్‌టాప్‌లోంచి అప్పటికప్పుడే తుడిపించాను. రోజూ మేం కొట్టే పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్ తెరవడానికేనట, కింద ఉన్నది మామూలు ఎస్‌క్యూలైట్ (డేటాబేస్‌లో ఒక రకం) ఫైల్, దానికి సొంతంగా ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా చదవలేనట్టు మార్చేసే ఏర్పాటు, ఉండదు, ఉచితంగా దొరికే టూల్‌తో ఎవరైనా చదివేయొచ్చు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి గోడ కట్టకుండా వదిలేసినట్టుంది. ఏటా ఏఎంసీ (నిర్వహణ) డబ్బులు తీసుకుంటూ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ఈ మాట ఒక్కసారి చెప్పలేదు. ఫోన్ చేసి నిలదీస్తే "చిన్న ల్యాబే కదా మేడం, మీ డేటా ఎవరిక్కావాలి" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. హెచ్‌ఐవీ వివరాలు ఉంచుకునే ప్రతి సంస్థా వాటిని కాపాడాలని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెప్తోంది, చిన్న ల్యాబ్‌కి మినహాయింపు ఇవ్వలేదు.

క్లౌడ్‌కి, అంటే డేటా అంతా నెట్ ద్వారా బయటి సర్వర్లలో పెట్టే పద్ధతికి, మారిపొమ్మని వాళ్ల సలహా. దీని మీదే చాలా రాత్రులు తెగ ఆలోచించాను. క్లౌడ్ చెడ్డదని కాదు, కానీ ఇక్కడి ఫైల్‌కే తాళం వేయనివాళ్ల చేతిలో అంతా పెట్టడానికి మనసొప్పలేదు. పైగా పొద్దున ఆరింటికి పరగడుపున వచ్చినవాళ్లని నెట్ లేదని కూర్చోబెట్టలేను.

అందుకే డేటా ల్యాబ్‌లోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చేశాను. కొత్తదాంట్లో ఫైల్ మొత్తం ఎస్‌క్యూఎల్‌సైఫర్ అనే టూల్‌తో, 256 బిట్ ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ బిట్‌లాకర్ కూడా పెట్టించాను, కానీ అది కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు ఎత్తుకుపోతే పనికొస్తుందంతే, ఆన్‌లో ఉండగా లాగిన్ అయినవాడిని ఆపదు, అందుకే రెండూ. ఫైల్‌ని తెరిచే కీ (రహస్య పాస్‌వర్డ్) ఆ కంప్యూటర్లో ఎక్కడా రాసిపెట్టలేదు, పొద్దున నేనే వచ్చి కొడతాను, నేను రాని రోజు మా చెల్లెలు. బ్యాకప్ డిస్క్‌కీ ఇదే పద్ధతి. బయటి నుంచి కంప్యూటర్లోకి వచ్చే రిమోట్ యాప్ తీసేశాం.

ఇకనుంచి "మా ఆవిడ రిపోర్ట్ ఇవ్వండి" అంటే ఇవ్వం, ఆవిడ నంబర్‌కి ఓటీపీ వస్తుంది, అది చెప్పాలి. ఎంత పాత పరిచయమైనా సరే. పాత రిపోర్టులు ఇంకా ఎక్కిస్తున్నాం, కావాల్సినవాళ్లు ముందురోజు ఒక ఫోన్ చేయండి, తీసి ఉంచుతాం.