ఎర్రచందనం పుట్టిన చోట దొంగ కలప మంచాలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

శేషాచలం కొండల్లో నరికిన ఎర్రచందనం సముద్రం దాటి చైనాలో కుర్చీలుగా, బీరువాలుగా తేలుతోందని తిరుపతిలో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అక్కడ కొనేవాళ్లు 'ఇది ఎక్కడిది' అని అడగరు కాబట్టే ఇక్కడ గొడ్డలి ఆగడం లేదు. మరి మన అంగళ్లలో 'బర్మా టేకు', 'మలేషియా సాల్', 'పడాక్' అని చెప్పి అమ్మే పెళ్లి మంచాలు, సోఫాలు కొనేటప్పుడు మనం అడుగుతున్నామా? డిజైను చూస్తాం, పాలిష్ చూస్తాం, రేటు దగ్గర గంటసేపు బేరమాడతాం. చెట్టు ఊసు మాత్రం ఎత్తం.

బర్మా టేకు సంగతే చూడండి. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. 2021లో సైన్యం గద్దెనెక్కాక, అమ్మకం డబ్బు సైన్యానికి చేరుతోందని అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, ఐరోపా యూనియన్ ఆంక్షలు పెట్టాయి. కాబట్టి 'బర్మా దుంగలు కొత్తగా తెప్పించి ఇక్కడే కోయించాం' అని ఈరోజు ఎవరైనా అన్నారంటే పేరైనా అబద్ధం, సరుకైనా దొంగది. గాబన్ 2010లో, లావోస్ 2016లో దుంగల ఎగుమతి ఆపేశాయి.

దొంగతనంగా నరికిన కలప వ్యాపారాన్ని అమెరికా 2008లో చట్టం చేసి అడ్డుకుంది, ఐరోపా యూనియన్ చట్టం 2013లో అమల్లోకి వచ్చింది. మన దగ్గర దిగుమతిదారు 'ఇది సక్రమంగా కొట్టిన చెట్టే' అని రుజువు చూపాలనే ప్రత్యేక చట్టం లేదు. రోజ్‌వుడ్ లాంటి, సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జాతులకు మాత్రం అనుమతి పత్రం ఉండాలి. మిగతాదంతా కొనేవాళ్ల పట్టుదల మీదే ఉంది.

అడగాల్సింది నోటితో కాదు, బిల్లు మీద. చెట్టు శాస్త్రీయ నామం, నరికిన దేశం బిల్లులో రాయమనండి. 'జంగిల్ వుడ్', 'ఫారిన్ టేకు' అన్న మాటలు చెల్లవు. విదేశీ కలపతో ఇక్కడే చేసిన సామాను అయితే, ఆ కలప రేవులో దిగినప్పటి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) నంబరు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ నకలు చూపమనండి. ఆ సర్టిఫికెట్ పురుగు లేదని చెబుతుందే గానీ దొంగతనం లేదని చెప్పదు. అయినా దానిలో జాతి పేరు, దేశం ఉంటాయి కాబట్టి అంగడివాళ్లు మాట మార్చలేరు. 'సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉంది' అంటే అక్కడితో ఆగకండి. ఒక దేశంలో నరికిన కలప ఇంకో దేశంలో కోతపడి, ఆ దేశం పేరుతోనే రావచ్చు. అడవిని బాధ్యతగా చూసుకున్నారని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఎస్‌సీ స్టిక్కరు చూపిస్తే, దాని మీద 'ఎఫ్ఎస్‌సీ-సీ' తర్వాత ఆరు అంకెలు ఉన్నాయా చూసి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతకండి. గడువు తీరిపోయిన లైసెన్సులు అక్కడే బయటపడతాయి.

పాలిష్ కొట్టిన పైభాగం చూస్తే ఏమీ తెలియదు. మంచం పక్కపట్టీ తిరగేసి, పాలిష్ తగలని లోపలివైపు బ్లేడుతో కొంచెం గీకండి. పది రెట్లు చూపే భూతద్దం పెడితే టేకులో ఏటికో వలయం చొప్పున పెద్ద రంధ్రాలు వరుసకట్టి కనిపిస్తాయి. మెర్బావ్ అయితే రంధ్రాల్లో గంధకంలాంటి పసుపు పొడి ఉంటుంది, తడిగుడ్డతో రుద్దితే గుడ్డకు ఎర్రటి మట్టిరంగు అంటుతుంది. ఇండొనేషియా పపువా వర్షారణ్యాల్లో విచ్చలవిడిగా కొట్టేసిన చెట్టు ఇదే. అనుమానం తీరకపోతే చిన్న ముక్కను బెంగళూరులోని కలప పరిశోధన సంస్థకు పంపవచ్చు, జాతి తేల్చి చెబుతారు. అయితే ఏ అడవిదో చెక్కను చూసి చెప్పడం కష్టం, అందుకే కాగితాల మీద ఇంత పట్టు.

ఒక్కొక్క ఇల్లు అడిగితే అంగడివాళ్లు నవ్వి ఊరుకుంటారు. యాభై గదుల లాడ్జీ, కల్యాణమండపం, హాస్టలు, అపార్టుమెంటు కట్టే బిల్డరు తమ ఆర్డరు కాగితంలోనే 'జాతి పేరు, దేశం, దిగుమతి పత్రాల నకళ్లు ఇవ్వనిదే చెల్లింపు లేదు' అని రాస్తే పని జరుగుతుంది. ఇలాంటి పెద్ద కొనుగోలుదారులు అడగాలి, ముందు వాళ్లే అడగాలి.

'ఇంకేం కొనాలి' అనేవాళ్లకు కేరళ రబ్బరు చెక్క ఉంది, మన చిత్తూరు మామిడి ఉంది. కాపు తగ్గి కొట్టేసిన తోటల మామిడి చెక్క పొయ్యిపాలు కావలసిన పనిలేదు. ఈ రెంటికీ పుచ్చు పురుగు బెడద ఎక్కువ, కాబట్టి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం ఎక్కించి, తేమ పన్నెండు శాతం లోపు వచ్చేదాకా కిల్న్‌లో (వేడిగాలి గదిలో) ఆరబెట్టారా అని అడిగి తీసుకోవాలి. ఆ పని చేయని మామిడి మంచమే పిండి రాల్చి చెడ్డపేరు తెస్తుంది.

అబద్ధపు పేరుతో అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. పత్రికలకూ ఒక విన్నపం. పెళ్లిళ్ల సీజనులో 'ప్యూర్ బర్మా టేకు' అని పేజీ ప్రకటన ఇవ్వడానికి వచ్చిన అంగడివాళ్లను, ఆ దిగుమతి పత్రం ఒక్కటి చూపమని మీ ప్రకటనల విభాగం అడగాలి.

– కలప పని తెలిసిన పాఠకులు, తిరుపతి