కొత్త ఆరుబయటి పెట్టెలో ఏమేం మారాయి, ఎందుకు మారాయి

ఒకటి నుంచి మూడో తరగతి పిల్లల కోసం మేం తయారుచేసే ఆరుబయటి పెట్టెలో (బయట చూసి, కొలిచి నేర్చుకునే సామాను పెట్టె ఇది) ఈసారి వస్తువులు తగ్గాయి, ధర మాత్రం తగ్గలేదు. తీసేసిన వాటి ఖర్చంతా తాడుకీ భూతద్దానికీ పోయింది. ఆర్డర్ పెట్టేముందు ఇది ఒకసారి చదవండి.

ముందుగా తాడు. 4 మీటర్ల తాడు రెండు కొసలూ ఒక మూలన కలిపి, నలుగురు పిల్లలు నాలుగు మూలలు పట్టుకుని నేలమీద పరిస్తే మీటరు చదరం వస్తుంది. అందులో ఎన్ని రకాల ఆకులున్నాయి, ఎన్ని చీమలు తిరుగుతున్నాయి అని లెక్కపెడతారు. ఎండలో ఒక చదరం, చెట్టు కింద ఒక చదరం పరిచి పోల్చుకుంటే అరగంట పని ఉంటుంది. నూలు తాడు తడి గడ్డిమీద పొట్టిదవుతుంది, నైలాన్ సాగుతుంది. అందుకే పాలిస్టర్ తాడుకి మారాం. మీటరుకో ముడి బదులు రంగు టేపు చుట్టాం. ముడి వేస్తే అది కొంత తాడు మింగేస్తుంది, కొలత తప్పుతుంది.

ఎక్కువమంది దగ్గర తేడా వచ్చేది మూలల్లో. పిల్లలు లాగేటప్పుడు చదరం పక్కకి ఒరిగిపోతుంది. నాలుగు వైపులూ మీటరే ఉంటాయి కానీ లోపలి చోటు తగ్గిపోతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకి దారం పట్టి తెంపండి. అదే దారం మిగతా రెండు మూలల మధ్యా సరిగ్గా సరిపోవాలి. సరిపోయేదాకా పిల్లల్నే సర్దుకోనివ్వండి. లెక్కల పుస్తకంలోని చదరం కాళ్లకిందికి వచ్చేది ఈ సర్దుబాటులోనే.

నీడ కర్ర మీటరు నుంచి 30 సెంటీమీటర్లకి తగ్గింది. సూర్యుడు చుక్కలా కాకుండా పళ్లెంలా కనిపిస్తాడు కాబట్టి నీడ అంచు చెదిరి ఉంటుంది. కర్ర ఎంత పొడవైతే చెదురు అంత ఎక్కువ. పొద్దున పూట మీటరు కర్రకి నీడ కొస ఎక్కడో తేల్చుకోలేక పిల్లలు పోట్లాడుకుంటారు. చదునైన నేల చూసి కర్ర పాతండి. పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడండి. గంటకోసారి నీడ కొసన రాయి పెట్టి, దానిమీద సుద్దతో టైం రాయించండి. అన్నిటికంటే పొట్టి నీడ సరిగ్గా 12కే వస్తుందని ముందే చెప్పకండి. గడియారం పెద్ద ప్రాంతమంతటికీ ఒకటే, సూర్యుడు మాత్రం ఒక్కో ఊళ్లో అన్నిటికంటే ఎత్తుకి ఒక్కో వేళకి వస్తాడు. ఆ తేడా రాళ్లలోనే బయటపడుతుంది. సూర్యుణ్ని నేరుగా చూడకూడదన్న మాట మాత్రం మొదట్లోనే చెప్పాలి, భూతద్దంలోంచి అసలే వద్దు.

విత్తనాలు ఇకపై మేం పంపం. ఎప్పుడో ప్యాక్ చేసినవి సరిగా మొలవవు. ఎరువుల దుకాణంలో గులాబీ, నీలం రంగుల్లో దొరికేవాటికి చాలావరకు బూజు మందు పూసి ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వకండి. మందు పూయని ఎండు చిక్కుడు గింజలు ఐదు తీసుకుని రాత్రంతా నానబెట్టండి. గ్లాసు లోపల తడి టిష్యూ పేపరు చుట్టి, గాజుకీ పేపరుకీ మధ్య గింజలు ఇరికించండి. అడుగున ఒక సెంటీమీటరు నీళ్లు చాలు. గింజ నీళ్లలో మునిగితే గాలి అందక కుళ్లుతుంది. గ్లాసు వాసన వస్తోందంటే కారణం చాలావరకు అదే. వేరు రెండు మూడు సెంటీమీటర్లు వచ్చాక అడుగు నీళ్లు ఒంపేసి, పేపరు తడిగా ఉంచుతూ గ్లాసుని అడ్డంగా పడుకోబెట్టండి. మర్నాటికి వేరు కొస కిందికి వంగి ఉంటుంది. చేసినవాటిలో పిల్లలు ఎక్కువసేపు నోరెళ్లబెట్టి చూసేది ఇదే.

చిన్న గుండీ అయస్కాంతాలు పూర్తిగా తీసేశాం. ఒకదాని తర్వాత ఒకటి మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పెడతాయి. పాత పెట్టెలో ఉన్నవి ఈరోజే పిల్లలకి అందకుండా తీసేయండి. బదులుగా నోట్లో పట్టని పెద్ద గుర్రపునాడా అయస్కాంతం ఇస్తున్నాం. ప్లాస్టిక్ కవరు చుట్టి మరీ ఇసుకలో తిప్పండి, లేకపోతే అంటుకున్న నల్ల రేణువులు ఊడిరావు.

మరో మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ పెట్టె పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టేది కాదు. ఐదారుగురికి ఒక పెద్దవాళ్లు, కనీసం నలభై నిమిషాలు పక్కనే ఉండాలి. అంత తీరిక లేకపోతే ఇప్పుడు కొనకండి, సెలవుల్లో తీసుకోండి.

నూలు తాడు వచ్చిన పాత కస్టమర్లు మెసేజ్ పెడితే కొత్త తాడు ఉచితంగా పంపుతాం. మట్టినేల లేక మేడమీద చేసేవాళ్లు ఆర్డర్‌లో ఆ మాట రాయండి, కర్ర నిలబెట్టడానికి చెక్క దిమ్మ జతచేస్తాం.