వరద రాకముందే ఓఆర్‌ఎస్ ఇంటికి చేరాలి

సంపాదకుడు గారికి,

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడేసరికే కోనసీమ లంకల్లో కాజ్‌వేలు నీట మునుగుతాయి. 2022 జులైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు పడవ తప్ప మరో దారి లేని ఊళ్లెన్నో. బియ్యం, కందిపప్పు, పాల ప్యాకెట్లు పడవల మీద చేరవేస్తారు, మంచిదే. కానీ బోర్లలోకీ చెరువుల్లోకీ వరదనీరు చేరాక పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఆ రాత్రి ఇంట్లో ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) ఉంటుందా అన్న ప్రశ్న వరద సన్నాహాల సమీక్షల్లో గట్టిగా వినిపించాలి.

విరేచనాల్లో ప్రాణం మీదకు తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. ఉదాహరణకు కలరా క్రిమి విడిచే విషం పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. దాంతో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుపోయి, క్లోరైడ్ వెంట సోడియం, దాని వెంట నీరు పేగులోకి వచ్చేస్తాయి. అలాంటి విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో రుజువు చేశారు. మరుసటి ఏడాదే అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్, గ్లూకోజు సోడియంతో జతకూడి పేగు కణంలోకి వెళ్తుందని చెప్పారు. ఒక గ్లూకోజు అణువుకు రెండు సోడియం అయాన్లు లోపలికి పోతాయి, నీరు వాటిని అనుసరిస్తుంది. కలరాలో కూడా ఈ దారి చెడిపోదు. ఓఆర్‌ఎస్ అంతా దీని మీదే ఆధారపడి ఉంది. లోపలికి వచ్చిన సోడియాన్ని కణం రెండో వైపు నుంచి రక్తం వైపు తోసే పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుతో నడుస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరం నుంచి వేరుచేసిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది మన భీమవరంలోనే. ఈ సంగతి డెల్టాలోని ప్రతి బడిలోనూ చెప్పాలి.

2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న పొడిలో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. చాలా కూల్‌డ్రింకుల్లో లీటరుకు చక్కెరే వంద గ్రాముల దాకా ఉంటుంది. అంత చక్కెర పేగులోకి చేరితే కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ అన్న పేరు తగిలించుకుని డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొబ్బరినీళ్ల విషయంలోనూ మన ప్రాంతంలో ఒక భ్రమ ఉంది. వాటిలో పొటాషియం దండిగా ఉన్నా సోడియం చాలా తక్కువ. తాగొచ్చు గానీ ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు.

కలపడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. లీటరు ప్యాకెట్టును గ్లాసు నీళ్లలో వేస్తే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. షాపుల్లో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి. అవి లీటరులో వేస్తే పలచనై పనిచేయవు. కాబట్టి ప్యాకెట్టు మీద రాసిన కొలత చూడాలి. చెంబు కొలత కాదు, ఖాళీ లీటరు నీళ్ల సీసాయే నమ్మకం. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అనుకోకూడదు, పొడిలో లవణాలు సమంగా కలిసి ఉండకపోవచ్చు. నీళ్లు ముందే మరగబెట్టి చల్లార్చి, ఆ తర్వాత కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన పదేళ్ల వరకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో నెమ్మదిగా మొదలుపెట్టాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. జింకు మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వారికి 10, పద్నాలుగు రోజులు. విరేచనాలు రెండో రోజుకే తగ్గాయని మానేయకూడదు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా పడవెక్కించి ఆసుపత్రికి చేర్చాల్సిందే.

ఓఆర్‌ఎస్ విరేచనాలను వెంటనే ఆపదు, పోయిన నీటిని తిరిగి ఇస్తుంది. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే ‘మందు పనిచేయలేదు’ అని సెలైన్ కోసం పరిగెత్తుతారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి తాగించారు. మరణాలు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి.

ఇంత తెలిసీ ఇంకా ఎందుకు ఇవ్వడం లేదు? కర్ణాటక, బిహార్‌లలో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యం చేసేవారిపై జరిగి 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. ఇవ్వకపోవడానికి కారణాల్లో 42 శాతం, రోగికి ఓఆర్‌ఎస్ ఇష్టం లేదని వైద్యుడు అనుకోవడమే. సరుకు లేకపోవడం, లాభాపేక్ష ఒక్కొక్కటీ ఐదారు శాతమే. మనవాళ్లు ఆర్‌ఎంపీ దగ్గరైనా, మందుల షాపులోనైనా ‘ఓఆర్‌ఎస్, జింకు ఇవ్వండి’ అని నోరు తెరిచి అడిగితే చాలావరకు దారి ఏర్పడుతుంది. అందుకే గోడల మీద రాయాల్సింది వ్యాధుల పేర్లు కాదు, ఈ అడిగే మాట.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి ఇంటింటికీ వెళ్లి ఉప్పు, బెల్లం ద్రావణం నేర్పింది. తర్వాత తనిఖీకి వచ్చినవారు తల్లులకు ఎంత గుర్తుందో, సరిగ్గా కలపగలరో లేదో చూసి, దాన్నిబట్టి కార్యకర్తకు జీతం ఇచ్చారు. మన దగ్గర లెక్క పంచిన ప్యాకెట్లతో ఆగిపోకూడదు.

జిల్లా యంత్రాంగానికి మా వినతి ఇదీ. జూన్ ముగిసేలోపు ప్రతి లంక ఇంటికీ లీటరు ప్యాకెట్లు నాలుగు, ఐదేళ్లలోపు బిడ్డ ఉంటే పద్నాలుగు జింకు మాత్రలు చేరాలి. ఆశా కార్యకర్త తాను కలిపి చూపించడం కాదు, ఆ తల్లి చేత కలిపించి చూడాలి. నెల తర్వాత వేరొకరు వెళ్లి పదిళ్లలో ఒక ఇంట్లో మళ్లీ కలపమని అడగాలి. తప్పు కలిపిన ఇళ్ల సంఖ్యను గ్రామ సచివాలయం బోర్డు మీద రాయాలి.

ఇట్లు,
బయోకెమిస్ట్రీ, ప్రజారోగ్య అధ్యాపకులు,
అమలాపురం