జాబితా చదివాకే 'వై' నొక్కమనండి

గౌరవనీయులైన సంపాదకులకు,

లినక్స్ కంప్యూటర్‌లో డిస్కు నిండిపోతే, అక్కరలేని ప్యాకేజీలను (ప్రోగ్రాముల కట్టలను) తీసేసే 'ఆప్ట్ ఆటోరిమూవ్' ఆదేశానికి 'మైనస్ వై' చేర్చి ఇమ్మని మీ సాంకేతిక పేజీలో ఇటీవల ఒక చిట్కా వచ్చింది. ఆదేశం సరైనదే. నా అభ్యంతరమంతా, ఏమీ అడగకుండా పని కానిచ్చేయమని చెప్పే ఆ 'మైనస్ వై' గురించే.

డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థల్లో మనం ఒక ప్రోగ్రామును పేరు పెట్టి అడిగితే, ప్రోగ్రాములను తెచ్చిపెట్టి తీసేసే ఆప్ట్ అనే సాధనం దాన్ని 'మాన్యువల్' అనీ, దానికోసం వెంట తెచ్చిన లైబ్రరీలను (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌ను) 'ఆటో' అనీ గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఏ ప్యాకేజీకీ అవసరం లేకుండా మిగిలిన 'ఆటో' ప్యాకేజీలనే అది అక్కరలేనివిగా లెక్కిస్తుంది. వాటిని మనం రోజూ వాడుతున్నామా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

కొన్నేళ్ల క్రితం నేను ఎన్నడూ ఆడని ఆటల ప్యాకేజీ ఒకటి తీసేశాను. దాంతోపాటే డెస్క్‌టాప్ మెటాప్యాకేజీ కూడా పోయింది. అందులో ప్రోగ్రాములేవీ ఉండవు, ఇతర ప్యాకేజీల పేర్లు మాత్రమే ఉంటాయి కనుక, పోయినా ఆ రోజు తేడా ఏమీ తెలియలేదు. కానీ ఆ పేర్లున్న ప్యాకేజీలు ఇక దేనికీ అవసరం లేనివయ్యాయి. వారం తర్వాత ఆటోరిమూవ్ ఇచ్చినప్పుడు ఫైల్ మేనేజర్, లాగిన్ తెర సహా చాంతాడంత జాబితా వచ్చింది, నేను చదవకుండానే సరేనని 'వై' నొక్కాను. మర్నాడు కంప్యూటర్ తెరిస్తే నల్లటి తెర మీద యూజర్ పేరు అడుగుతూ మినుకుమనే గీత ఒక్కటే కనిపించింది. ఆప్ట్ తాను తొలగించిన ప్రతి ప్యాకేజీ పేరునూ తేదీతో సహా హిస్టరీ లాగ్‌లో రాసి ఉంచుతుంది కాబట్టి, ఆ పేర్లు చూసి అన్నీ తిరిగి తెచ్చుకోగలిగాను. ఆ లాగ్ సంగతి తెలియని కొత్తవారైతే వ్యవస్థ మొత్తాన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుని ఉండేవారు.

శుభ్రం చేయడం మానుకోమని నేను అనడం లేదు. పాత కెర్నళ్లు (వ్యవస్థ మూలభాగపు పాత వెర్షన్లు) పేరుకుని, కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే బూట్ విభాగం నిండితే కొత్త కెర్నల్ అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోతుంది. ఆ ఫైళ్లను చేత్తో చెరిపేయడం కన్నా, నడుస్తున్న కెర్నల్‌ను వదిలి పాతవాటిని తీసే ఆటోరిమూవే మేలు. భద్రత కోణంలోనూ ఇది అవసరమే. 2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో చొరబాటుకు వీలిచ్చే దొంగదారి బయటపడింది. దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు నేరుగా అవసరం లేని ఎక్స్‌జెడ్ లైబ్రరీ, కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో (రకాల్లో) మరో లైబ్రరీ వెంట వచ్చి చేరడమే అక్కడ ప్రమాదమైంది. వాడని సర్వర్ ప్రోగ్రాములను ఉంచుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అలాంటివాటిని 'రిమూవ్' చేస్తే అమరికల ఫైళ్లు మిగిలిపోతాయని, 'పర్జ్' చేస్తేనే అవీ పోతాయని కూడా పాఠకులకు చెప్పాలి.

కాబట్టి ఆ చిట్కాను సవరించి మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ముందు 'సిమ్యులేట్' చేర్చి ఆదేశం ఇస్తే ఏమీ తొలగకుండానే జాబితా కనిపిస్తుందనీ, అందులో కావలసిన ప్యాకేజీ ఉంటే 'ఆప్ట్-మార్క్ మాన్యువల్' అని దాని పేరు ఇస్తే ఆటోరిమూవ్ దాని జోలికి పోదనీ రెండు వాక్యాలు చేరిస్తే చాలు. 'మైనస్ వై'ని మాత్రం దయచేసి తీసేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు